తంబళ్లపల్లెలో వలపలగిలక మరమ్మతు

మదనపల్లె బస్సు దిగేసరికి తంబళ్లపల్లెలో ఎండ ముదిరింది. దూరాన మల్లయ్యకొండ, రోడ్డు పక్కన టమాటా బాక్సులతో ఆగిన ఆటోలు. నేను వెతుక్కుంటూ వచ్చింది ఒక డీటీపీ అంగడిని. పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు, అర్జీలు తయారయ్యే ఆ గదిలో యజమాని కొడుకు ఇంకో పని కూడా చేస్తాడని విన్నాను. పగలు బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే ఉద్యోగం. సాయంత్రాలు ఓపెన్ సోర్స్ లైబ్రరీల్లో తెలుగు అక్షరాల తప్పులు సరిదిద్దడం.

“రాండి సార్, కూచోండి” అని యజమాని కుర్చీ జరిపాడు. కంప్యూటరు తెర మీద పాత పద్యపుస్తకంలోని ఒక పుట ఫొటో ఉంది. పక్కనే ఆ పద్యాలను కొత్తగా టైపు చేసిన ఫైలు. “ఈ ‘సర్వ’ చూడండి సార్. పుస్తకంలో వకారం పక్కన గిలక ఉండాది. మా దాంట్లో పొల్లు వేరే, వకారం వేరే పడతాండాది. పాత పుస్తకంలో ఉన్నట్లే కావాలని అచ్చుకిచ్చినాయన పట్టుబట్టినాడు.”

వలపలగిలక ఇప్పటి పిల్లలకు తెలియదు. పాత అచ్చు పుస్తకాల్లో ధర్మ, సూర్య, సర్వ వంటి మాటల్లో రేఫ ముందు నిలవదు. తరువాతి హల్లుకు కుడివైపున, తెలుగు తొమ్మిది అంకెను (౯) పోలిన గుర్తుగా చేరుతుంది. యూనికోడ్‌లో దానికోసం రకారం, పొల్లు, ఆ తరువాత కంటికి కనిపించని ‘జీరో విడ్త్ జాయినర్’, ఆపైన హల్లు వరసగా రావాలి. ఆ జాయినర్ లేకపోతే మామూలు వత్తు వస్తుంది.

ఫైలులో అన్నీ వరసగానే ఉన్నాయి. మరి తప్పెక్కడ? కుర్రాడు లాప్‌టాప్ నా వైపు తిప్పి చెప్పడం మొదలుపెట్టాడు.

మనం టైపు చేసేది సంకేతాల వరస మాత్రమే. ఏ సంకేతానికి ఏ రూపం, ఏ వత్తు ఎక్కడ అన్నది నిర్ణయించే పనిని చాలా ప్రోగ్రాముల్లో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. ఒకప్పటి ప్రెస్సులో కంపోజిటర్ గళ్ల పెట్టెలోంచి అచ్చులు ఏరినట్లు, అది ఫాంటులోంచి రూపాలు ఏరి పేరుస్తుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నీ దాన్ని వాడుకుంటున్నాయి. పేర్చిన రూపాలను చుక్కలుగా మార్చి గీసేది మరో లైబ్రరీ. 1996లో మొదలైన ఫ్రీటైప్ అలాంటిదే. ఫాంటు ఫైలునే విప్పి లోపలి పట్టికలు చూపించడానికి ఫాంట్‌టూల్స్ ఉంది. వీటన్నిటి సోర్సు కోడూ ఎవరైనా చదవవచ్చు, మార్చి పంపవచ్చు.

అతని పద్ధతి నాకు బాగా నచ్చింది. పుస్తకం మొత్తం పక్కన పెట్టి ‘ర్వ’ ఒక్కటే తీసుకున్నాడు. ముందు ఫైలులో జాయినర్ ఉందో లేదో చూశాడు. తరువాత ఫాంటులో గిలక రూపం ఉందని తేల్చుకున్నాడు. ఆ అక్షరాన్ని నేరుగా హార్ఫ్‌బజ్‌కు ఇస్తే గిలక చక్కగా వచ్చింది. అంటే తప్పు అంతకంటే ముందే, వాక్యాన్ని ముక్కలు చేసి అందించే మరో లైబ్రరీలో ఉంది. ఆ ఫాంటులో జాయినర్‌కు విడిగా బొమ్మ లేదు. అందుకని ఆ లైబ్రరీ దాన్ని వేరే ఫాంటుకు పంపి, అక్షరాన్ని నడుమకు తెంచింది. తెగిన ముక్కలు ఒకటొకటిగా హార్ఫ్‌బజ్‌కు అందితే గిలక ఎలా ఏర్పడుతుంది?

“దిద్దింది నాలుగు లైన్లే సార్. కనిపించని గుర్తు ముందున్న అక్షరంతోనే పోవల్ల, అంతే” అన్నాడు. అసలు శ్రమ ఆ తరువాతే. మార్పును పరిశీలించేవారికి తెలుగు రాదు. ఏది సరైన రూపమో వాళ్లకెలా తెలుస్తుంది? ఇతను పాత పుట ఫొటో జత చేశాడు. ఆ అక్షరాన్నీ, రావలసిన రూపాన్నీ పరీక్షగా రాసి పంపాడు. ఆ పరీక్ష లైబ్రరీలో ఉన్నంతకాలం, ముందు ముందు ఎవరైనా కోడ్ మార్చి గిలకను చెడగొడితే వెంటనే బయటపడుతుంది.

2018 ఫిబ్రవరిలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ‘జ్ఞా’ అక్షరం ఒకానొక సంకేతాల వరసలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయి. వార్త ప్రపంచమంతా పాకింది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ఆ కోడ్ మూసి ఉన్నది కాబట్టి బయటివాళ్లు కారణం ఊహించగలిగారే గాని చెయ్యి పెట్టలేకపోయారు. ఫోను ఆగిపోతే లోకం గమనిస్తుంది. గిలక విడిపోతే ఏదీ ఆగదు, ఏ యంత్రమూ తప్పని చెప్పదు. తెలుగు చదివే కన్ను ఒక్కటే ఆ తప్పు పట్టగలదు. ఇలాంటి తప్పులు ఏళ్ల తరబడి మిగిలిపోవడానికి కారణం కోడ్ కష్టమని కాదు, చెప్పేవాళ్లు లేరని.

ఫాంట్లకు ఇప్పుడు కొదవ లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, మల్లన్న, రామభద్ర, సురవరం వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని సరిగా నిలబెట్టే లైబ్రరీలకు మాత్రం మన కాపలా చాలడం లేదు.

అందుకే పాఠకులకు నా మనవి. తెర మీద వత్తు జారినా, ఐత్వం విరిగినా, పొల్లు తప్పినా సర్దుకుపోవద్దు. ఆ ఒక్క అక్షరాన్ని కాపీ చేసి, ఏ ఫాంటులో, ఏ ప్రోగ్రాములో అలా వచ్చిందో రాసి, సరైన రూపం ఉన్న అచ్చు ఫొటో జతచేసి ఆ ప్రోగ్రాము తయారుచేసేవాళ్లకు పంపండి. దానికి ప్రోగ్రామింగ్ అక్కర్లేదు, తెలుగు వస్తే చాలు.