ఖాళీగానే ఉందిగా!

ఖాళీగా కూర్చున్న ఇల్లాలు, ఖాళీగా పడివున్న జాగా – ఈ రెండూ కంటబడితే ఈ లోకానికి అస్సలు తోచదు.

పొద్దుటినుంచీ ఆవకాయ ముక్కలు తుడిచి, జాడీలు కడిగి ఎండబెట్టి, అప్పుడే కాస్త నడుం వాల్చానో లేదో, "ఏవోయ్, ఖాళీగానే ఉన్నావుగా, కాస్త కాఫీ ఇస్తావూ?" అంటారు మావారు. అచ్చు అదే గొంతుతో మా కాలనీ పెద్దలు ఒకనాడు, "ఆ జాగా ఖాళీగానే ఉందిగా, ఓ కమ్యూనిటీ హాలు కట్టేస్తే పోలా?" అన్నారు. ఆ రెండు మాటలూ ఒకటేనని నా బుర్రకి తట్టడానికి కొంతకాలం పట్టింది. ఆ ముచ్చటే ఇప్పుడు చెబుతున్నాను.

మేం ఈ కాలనీకి వచ్చింది 1986లో. కాలనీ అన్నది కాగితం మీద మాటే. అయిదెకరాల వరిచేలో గట్లు చదును చేసి, రాళ్ళు పాతి, గ్రావెలు రోడ్లు పోసేరు. ఓ పక్క కాలవ, కాలవ దాటితే మళ్ళీ చేలే. వానాకాలం రాత్రిళ్ళు కప్పల బెకబెకల్లో మావారి గురక కూడా వినబడేది కాదు. కొత్త కాపరంలో నాకు దక్కిన సుఖం అదొక్కటే! చుట్టాలెవరొచ్చినా, "ఇదేమిటే, పోయిపోయి పొలంలో కాపరం పెట్టేవు?" అని బుగ్గలు నొక్కుకునేవారు.

కాలనీ నడిమధ్య అరెకరం వదిలేరు. ఓ వేపచెట్టు, ఓ నేరేడు చెట్టు, తక్కినదంతా గడ్డి. దాన్ని పార్కు అని ఎవరూ అనలేదు. 'జాగా' అంటే అదే. తెల్లారగట్ల నడకలవాళ్ళు, ఎండెక్కాక మా వడియాల చాపలు, మధ్యాహ్నం నేరేడు నీడన నెమరేసుకుంటూ రెండు గేదెలు, బడి వదిలాక పిల్లల క్రికెట్టు, చీకటిపడ్డాక పెద్దవాళ్ళ రాజకీయాలు. భోగిమంట అక్కడే. గొబ్బెమ్మల చుట్టూ ఆడపిల్లలు తిరిగేది అక్కడే. గంగిరెద్దులవాడు వచ్చి సన్నాయి మొదలెట్టేదీ అక్కడే.

ఆ తరవాత ఏమైందో మీకు వేరే చెప్పాలా? మీ ఊళ్ళో అయినదే మా ఊళ్ళోనూ అయింది. గ్రావెలు రోడ్లు సిమెంటు రోడ్లయ్యాయి. పెంకుటిళ్ళు మేడలయ్యాయి. పెరళ్ళు కారు షెడ్లయ్యాయి. కాలవ అవతలి చేలల్లో రంగురంగుల జెండాలు పాతేరు. మార్పు లేనిదల్లా ఆ జాగా ఒక్కటే.

2018 వేసవిలో వచ్చింది హాలు ప్రతిపాదన. కింద నాలుగు కొట్లు, పైన హాలు. కొట్ల అద్దెలతో కాలనీ ఖర్చులు గడుస్తాయి, పెళ్ళిళ్ళకి పేరంటాలకి హాలుంటుంది, మునిసిపాలిటీ వాళ్ళని ఒప్పించే పూచీ మాదీ అన్నారు పెద్దలు. కాగితం పట్టుకుని ఇంటింటికీ వచ్చేరు.

నిజం దాచడం ఎందుకు? మొదటి సంతకాల్లో నాదొకటి. మావారి షష్టిపూర్తి దగ్గరపడుతోంది. ఊళ్ళో కల్యాణమండపం అద్దె అడిగొచ్చి ఆయన ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. గుమ్మం ఎదురుగా హాలొస్తే కాదంటానా?

శ్రావణమాసంలో ఓ రాత్రి కుండపోతగా వాన పట్టుకుంది. తెల్లారి తలుపు తీసేసరికి రోడ్డు మీద నీళ్ళు పరుగెడుతున్నాయి. ఎక్కడికి పోతున్నాయా అని చూస్తే, నాలుగు వీధుల నీళ్ళూ ఆ జాగాలోకే పోతున్నాయి. పూర్వం అది చేనులో పల్లం కాబోలు. సాయంత్రానికి చెరువులా నిండింది. మర్నాటికి సగం ఇంకింది. మూడోనాటికి గడ్డి మళ్ళీ తలెత్తింది. మా గుమ్మంలోకి ఒక్క చుక్క రాలేదు.

అప్పుడు చూశాను చుట్టూ. ఇళ్ళ ముందు గచ్చు, వెనక గచ్చు, వీధంతా సిమెంటు. వాన నీళ్ళు తాగడానికి కాలనీ మొత్తానికి మట్టి మిగిలింది ఆ అరెకరమే. అక్కడా ఓ హాలు లేపితే ఆ నీళ్ళు ఎవరి వంటింట్లోకి వస్తాయి? పైన ఆగిన నీళ్ళు కిందికి దిగకపోతే మా బోరుల గతేమిటి? ఇన్నేళ్ళుగా ఆ జాగా ఇంత చాకిరీ చేస్తూ ఉంటే, మేమంతా దాన్ని 'ఖాళీ' అన్నాం. ఎవరూ లెక్కలో రాయని చాకిరీ అంటే ఏమిటో నాకు తెలీదూ?

మూడో వీధిలో రిటైరైన టీచరమ్మ ఉంది. ఆవిడ దగ్గరికి వెళ్ళి నా సంతకం సంగతి చెప్పుకున్నాను. ఆవిడ మందలించలేదు. "సంతకం చేసిన చేత్తోనే దరఖాస్తూ రాయండి" అంది. ఇద్దరం కూర్చుని, సమాచార హక్కు చట్టం కింద లేఔటు ప్లాను నకలు కోసం అర్జీ పెట్టేం. ఆ చట్టం 2005లో వచ్చిందని పేపర్లో చదివానేగానీ, నాలాంటిదానికీ పనికొస్తుందని అప్పుడే తెలిసింది. కొన్ని తిరుగుళ్ళు తిరిగాక నకలొచ్చింది. మేం 'జాగా' అంటున్నది అందులో స్పష్టంగా 'పార్కు'. ఊరందరి వాడకం కోసమని రాసి ఇచ్చేసిన స్థలం.

లేఔటు వేసేవాళ్ళు నూటికి పది వంతులు ఖాళీగా వదిలి పంచాయతీకో, మునిసిపాలిటీకో అప్పజెప్పాలన్నది ఇప్పుడు మన రాష్ట్రంలో ఉన్న నిబంధన. మా అయిదెకరాలకి అరెకరం సరిగ్గా ఆ లెక్కే. వదిలినవాడు తన జేబులోంచి వదలడు లెండి. ఆ ఖరీదూ కలిపే మన దగ్గర ప్లాటుకి వసూలు చేస్తాడు. అంటే, మనం డబ్బు పోసి కొనుక్కున్న ఖాళీ అన్నమాట!

టీచరమ్మ ఇంకో కథ చెప్పింది. బెంగుళూరులో రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌ అనే చోట పార్కుకని అట్టేపెట్టిన స్థలాన్ని, 1976లో ప్రభుత్వం ఒక ప్రైవేటు ట్రస్టుకి ఆస్పత్రి కట్టుకోమని ఇప్పించింది. చుట్టుపక్కలవాళ్ళు ఊరుకోలేదు. "మీ స్థలం కాదుగా, మీకేమిటి హక్కు?" అన్న ప్రశ్న వచ్చింది. 1991లో సుప్రీంకోర్టు, అక్కడ కాపరముండేవాళ్ళకి అడిగే హక్కుందనీ, పార్కు పార్కుగానే ఉండాలనీ తేల్చింది. ఆస్పత్రి మంచిదే, కానీ పార్కు నోట్లో మట్టి కొట్టి కాదు.

మన తిరుపతిలోనూ అంతే. అవిలాల, పేరూరు చెరువు భూముల్ని ఇళ్ళకి ఇస్తే ఊళ్ళోవాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. ఇలాంటివాటికి ప్రభుత్వం సొంతదారు కాదు, ప్రజల తరఫున ధర్మకర్త అని 2006లో తీర్పొచ్చింది. అయితే అప్పటికే కట్టిన ఇళ్ళు కట్టినట్టే ఉండిపోయాయి. ఇకమీద కట్టవద్దన్నారంతే. గోడ లేవకముందు అడగడానికీ, లేచాక అడగడానికీ అంత తేడా.

ఇంతవరకూ బాగానే ఉంది. ఎదురింటి వదినగారి దగ్గర వచ్చింది చిక్కు. వాళ్ళమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. హాలు మీద కొండంత ఆశ పెట్టుకున్నారు.

"మీ అమ్మాయి పెళ్ళి అయిపోయింది కదా వదినగారూ, ఇప్పుడు మీకు పచ్చగడ్డి కావలసొచ్చింది" అన్నారావిడ. ఏదో సర్దిచెప్పబోయాను. అప్పుడు అనేశారు, "మీ నాన్నగారి మామిడితోట అమ్మి మేడ వేసుకున్ననాడు ఏమైందండీ ఈ చెట్ల మీద ప్రేమ?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. నాన్న పోయాక, 2004లో, అన్నయ్యలూ నేనూ కలిసే అమ్మేం. నా వాటా డబ్బుతోనే పై అంతస్తు లేచింది. తోట కొన్నాయన చెట్లు కొట్టించి ప్లాట్లు వేసి, ఆ వెంచరుకి మామిడితోట పేరే పెట్టేడు. ఓసారి బస్సులోంచి ఆ బోర్డు చూసి తల తిప్పుకున్నాను. అసలు మా కాలనీ మాత్రం? ఎవరి చేనో కదా. పొలాన్ని ముందు చదును చేసినవాళ్ళం, వెనకొచ్చేవాళ్ళకి నీతులు చెప్పడం ఏమంత బావుంటుంది?

ఆ రాత్రి నిద్రపట్టలేదు. తప్పు చేసినవాళ్ళకి ఇంకో తప్పుని ఆపే హక్కు లేకపోతే, ఈ లోకంలో ఏ తప్పూ ఆగదు కదా అనిపించింది. అలా అనుకున్నా మనసులో ముల్లు పోలేదు. పోకపోవడమే మంచిదేమో.

వదినగారు ఆ మర్నాటి నుంచి మాటలు మానేశారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంటి గోంగూర పచ్చడి మా ఇంటికీ, మా ఇంటి పులిహోర ఆ ఇంటికీ నడిచేవి. ఆ రాకపోకలూ ఆగిపోయాయి.

నినాదాలూ జెండాలూ మా వల్ల కాని పని. నాకు తెలిసిందల్లా పాలవాడి ఖాతా రాయడం. అలాగే ఓ నోటుబుక్కు తీసి 'జాగా ఖాతా' అని రాసేను. నెల్లాళ్ళపాటు ఎవరెవరు ఏ వేళప్పుడు దేనికి వాడుకున్నారో వంతులవారీగా ఆడవాళ్ళమే రాసేం. నడక, ఆట, వడియాలు, గేదెలు, కర్ర పట్టుకుని కూర్చునే తాతగార్లు, పుస్తకం పట్టుకుని కూర్చునే కాలేజీ పిల్ల... పుస్తకం నిండిపోయింది. 'ఖాళీ' అని రాయడానికి పట్టపగలు ఒక్క గంట దొరకలేదు!

ఆ పుస్తకమూ, ప్లాను నకలూ, మా అభ్యంతరమూ కలిపి మునిసిపాలిటీలో ఇచ్చేం. చివర నేను విడిగా ఒక వాక్యం రాసేను, 'మొదటి అర్జీలో ఉన్న నా సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నాను' అని. రాస్తూంటే చెయ్యి వణికింది. ఎంతైనా మా కాలనీ పెద్దల్లో మావారూ ఒకరు మరి. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివి, "ఇల్లు రెండు పార్టీలయిందన్నమాట" అన్నారు. కాఫీ మాత్రం ఆపోజిషన్‌ పార్టీయే ఇచ్చింది.

హాలు ఆగింది. పెద్ద గెలుపేమీ కాదు. కాలవ అవతల చేలన్నీ ప్లాట్లయిపోయాయి. కప్పలు ఎటో వెళ్ళిపోయాయి. మావారి గురక ఇప్పుడు నిర్విఘ్నంగా వినబడుతోంది. మిగిలింది అరెకరమే.

2020 మాఘమాసంలో వదినగారి అమ్మాయి పెళ్ళి కుదిరింది. ఓ సాయంత్రం ఆవిడ మా గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో గిన్నె. "గోంగూర చేశాను" అని, కాసేపాగి, "మండపాలేవీ దొరకలేదండీ. జాగాలో పందిరి వేసుకోవచ్చంటారా?" అన్నారు. ఏమనాలో తెలీక, కళ్ళొత్తుకుని, గిన్నె అందుకున్నాను. మునిసిపాలిటీ అనుమతి తెచ్చుకుని పందిరి వేసేం. తాటాకులూ, మామిడి తోరణాలూ, అరటిబోదెలూ... వేపచెట్టుకీ రంగు దీపాలు చుట్టేరు. ఏ మండపానికీ రాని కళ వచ్చింది. మూడోనాడు పందిరి విప్పేస్తే రాటల గుంటలు మిగిలాయి. ఆ గుంటల్లో పిల్లలు గోళీలాట మొదలెట్టేరు.

పైనెల లాక్‌డౌను వచ్చినప్పుడు కూరగాయల బళ్ళు అక్కడే నిలిపేరు. మనిషికీ మనిషికీ ఎడంగా నిలబడ్డానికి ముగ్గుపిండితో గుండ్రాలు గీసింది వదినగారూ, నేనూ.

నిన్న మధ్యాహ్నం వాలుకుర్చీలో కూర్చుని కిటికీలోంచి ఆ జాగాకేసి చూస్తున్నాను. మావారు వచ్చి నోరు తెరవబోయి, నా చూపు ఎటుందో గమనించి ఆగిపోయారు. తరవాత నెమ్మదిగా, "ఏవోయ్... పనిలో ఉన్నావా?" అన్నారు.

"ఆఁ" అన్నాను, కదలకుండా.

కాఫీ ఆయనే కలుపుకొచ్చారు. నాక్కూడా. పంచదార వెయ్యడం మరిచిపోయారు గానీ, నేను పైకి అనలేదు.