గాలం ఢిల్లీది, ఎర విశాఖది

నోయిడాలో ఉద్యోగం చేసే ఆ విశాఖవాసికి సముద్రం 2,000 కిలోమీటర్ల దూరం, ఏడాదికో వారం. అందుకే సెలవుకు నెల ముందే సరంజామా మొదలవుతుంది. కెరటాల అవతలికి విసరడానికి 12 అడుగుల రాడ్డు, అలకు కొట్టుకుపోకుండా సీసపు గుండ్లు, ఉప్పునీటిని తట్టుకునే రీలు అన్నీ ఇంటికే వచ్చేస్తాయి. రానిది ఎరే. యమునలో పనికొచ్చే గోధుమపిండి ముద్ద కెరటాల ధాటికి ఇట్టే విడిపోతుంది. సముద్రానికైతే గాలాన్ని అంటిపెట్టుకునే పచ్చి రొయ్యో, చేప ముక్కో కావాలి. అదీ పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌లో కొన్న తాజా సరుకైతేనే మేలు.

పోటు మీద ఎక్కడ నిలబడాలో, నీరు బురదగా ఉంటే వాసన గట్టిగా వచ్చే ఎర ఎందుకు గుచ్చాలో ఆయన తండ్రికి తెలుసు. రాడ్డూ రీలూ లేకుండా చేతిదారంతోనే పండుగప్పను లాగిన మనిషి. ఇప్పుడు చూపు మందగించింది. ఢిల్లీలో పుట్టిన మనవడికి రీలు తిప్పడం వచ్చు, నీటిని చదవడం రాదు. అందుకే ఈసారి రాడ్డు కొడుకు చేతికిచ్చి, సలహా తండ్రికి వదిలేశాడాయన. రీలును మంచినీటితో కడిగి ఆరబెట్టడం మాత్రం తన వంతు. ఉప్పు మిగిలితే వచ్చే ఏడాదికి అది బిగుసుకుపోతుంది మరి.