హెబ్రోను పందిటి క్రింద

ఇంగ్లండున క్వేకరులనెడి క్రైస్తవ సమాజమువారు శిశువులు మొదలు వృద్ధులవఱకును పచ్చికబయళ్లపై గుడారములు వేసికొని, కలిసి వండుకొని, కలిసి మౌనముగా ధ్యానింతురని నేడు చదివినంతనే, నా మనస్సు హైదరాబాదులోని హెబ్రోను ప్రార్థనామందిరపు పందిళ్లకు పరుగెత్తినది. వారిది మౌనము, మాది పాట.

ఆ పందిళ్లలో జరిగినవి, క్రైస్తవ సువార్తికులు భక్తసింగుగారు 1941లో మదరాసున ఆరంభించి, పిమ్మట హెబ్రోనులోను జరిపించిన మహాకూటములు. పత్తితీతలు ముమ్మరముగా సాగుచున్నను మా నాయనమ్మ దుప్పటిలో పళ్లెము, లోటా, సీయోను గీతముల పుస్తకము మూటగట్టుకొని, నన్ను వెంటబెట్టుకొని సత్తెనపల్లిలో రైలెక్కెడిది. అచట చాపలమీద, ఎవరి కులమేదియో ఎవరును అడుగకయే, పసివాని ప్రక్కన పండ్లూడిన ముదుసలియు, కూలి ప్రక్కన వైద్యుడును బారులుదీరి కూర్చుండగా, బకెట్లతో అన్నమును, వెనువెంటనే పులుసును వచ్చెడివి. ఇట్లు తరములన్నియు ఒక్కచోట తిని, ఒక్కచోట నిద్రించు భాగ్యము మా యింటి పిల్లలకు దొరకకున్నదని నాకు దిగులు.

ఒకనాటి రాత్రి చలికి ముడుచుకొన్న నాపై, మాకేమియు కాని రాయలసీమ అవ్వ యొకతె తన దుప్పటిలో సగము కప్పినది. ఆ దుప్పటికి కట్టెలపొయ్యి పొగవాసన యుండెను.