అంతర్వేది మొగ దగ్గర

నర్సాపురం పక్కన మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కితే అవతల సఖినేటిపల్లి. వరద తగ్గుముఖం పట్టిన సెప్టెంబరు రోజులవి. మోటారు సైకిళ్ల మధ్య ఇరుక్కుని నిలబడి చూస్తే వశిష్ట గోదావరి ఇంకా ఎర్రగానే ఉంది. అక్కణ్ణుంచి ఆటోలో అంతర్వేది. నరసింహస్వామి దర్శనం అయ్యాక, అన్నాచెల్లెళ్ల గట్టు వైపు వెళ్లడానికి పడవ మాట్లాడుకున్నాను.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గరపడేసరికి ఎర్రనీరూ పచ్చనీరూ పక్కపక్కనే కనబడ్డాయి. రెంటి నడుమ నురగ గీత, దాని వెంట కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క.

“ఈ ఎర్రనీరు ఎంత లోతుంటుంది బాబాయ్?”

“పైపైనేనండి. కింద ఉప్పునీరే. వల దిగాక లాగుడు వేరేగా ఉంటది” అన్నాడు పడవాయన.

హైదరాబాద్ ప్రగతినగర్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కంప్యూటర్లు తేల్చాల్సిందీ ఇదే. పైపొర ఎంత మందం, కింద ఏముంది? అక్కడి నమూనాలు సముద్రాన్ని గళ్లుగా, పొరలుగా విడగొట్టి, ఒక్కో గడిలో వేడి, ఉప్పు, ప్రవాహం ఎలా మారబోతున్నాయో లెక్కకడతాయి. గాలి, ఎండ, వాన వివరాలు వాటికి అందిస్తారు. లెక్క దారి తప్పకుండా ఉపగ్రహాల కొలతలతో, సముద్రంలో మునిగి తేలే ఆర్గో పరికరాల కొలతలతో సరిచూస్తారు. ఆర్గో 10 రోజులకోసారి 2000 మీటర్ల లోతు నుంచి పైకి తేలుతూ వేడినీ ఉప్పునూ కొలుస్తుంది. అది లోతు సముద్రపు పరికరం. ఈ మొగ దాని దారిలో లేదు.

బంగాళాఖాతానికి ఈ పైపొరే కీలకం. గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి తెచ్చే మంచినీరు తేలిక కనుక ఉప్పునీటి మీద పరుచుకుంటుంది. ఇక పైనీరూ కిందినీరూ సులువుగా కలవవు; ఎండ వేడి పైనే నిలుస్తుంది. మామూలుగా తుఫాను గాలి సముద్రాన్ని కలియబెట్టి కింది చల్లనీటిని పైకి తెస్తుంది. దాంతో తుఫానే కొంత నీరసిస్తుంది. మంచినీరు కప్పినచోట ఆ చల్లదనం పైకి రావడం కష్టం. అక్టోబరు, నవంబరు తుఫానుల బలం అంచనా వేసేవారికి వేడితో పాటు ఉప్పు లెక్కా కావాల్సింది అందుకే.

చిక్కంతా నది దగ్గరే. చాలా నమూనాలకు నదుల నీటిని ఏళ్ల తరబడి నెలవారీ సగటుగానే ఇస్తూ వచ్చారు. గోదావరికి సగటు పట్టదు. 2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు. సగటు జులైని నమ్ముకున్న లెక్కలో ఆ నీరుండదు. తీరం ముందు సముద్రం ఉన్నదానికంటే ఉప్పగా కనిపిస్తుంది. గళ్లు ఎంత చిన్నవి చేసినా ఆ లోటు తీరదు. ధవళేశ్వరం గేట్ల దగ్గర రోజూ రాసుకునే అంకె, గాలి వేగం లెక్కలతో పాటే నమూనాకు చేరాలి. ఈ మొగ ముందు నీటి సంగతి అప్పుడే అది నమ్మకంగా చెప్పగలదు.