ఎవరి డబ్బు, ఎవరి సంతకం

కొన్ని మాటలు పిల్లల వెంట ఇంట్లోకి వస్తాయి. మా ఇంటికి ‘డైవెస్ట్‌మెంట్’ అలాగే వచ్చింది. మన పేపర్లలో ‘పెట్టుబడుల ఉపసంహరణ’ అని కనబడితే, ప్రభుత్వం ఏదో ఒక సంస్థలో తన వాటా అమ్ముకుంటోందని అర్థం. అమెరికాలో పిహెచ్‌డి చేస్తున్న మా అమ్మాయి అదే మాటను వేరే అర్థంలో వాడింది. ఫలానా పనిలోంచి వచ్చే లాభం మాకొద్దు, అందులో పెట్టిన డబ్బు వెనక్కి తీసుకోండి అని విద్యార్థులు తమ యూనివర్సిటీని అడగడం.

యూనివర్సిటీకి కంపెనీల్లో వాటాలేమిటని అడిగాను. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పినా, కాలేజీకి జీతాల గ్రాంటు తప్ప ఇంకో ఆస్తి ఉంటుందని నాకు ఎప్పుడూ తట్టలేదు. అక్కడి యూనివర్సిటీలకు మన గుడి మాన్యాల్లాంటివి ఉంటాయట. దాతలిచ్చిన డబ్బును షేర్లలో, బాండ్లలో పెట్టి, వచ్చిన రాబడితో చదువులు నడుపుతారు. హార్వర్డ్ మాన్యం 2024లో 5 వేల కోట్ల డాలర్లు దాటింది. గుడి మాన్యం ఎవరికి కౌలుకిచ్చారు, అందులో ఏం పండిస్తున్నారు అని ఊరివాళ్ళు అడిగినట్టే పిల్లలు అడుగుతున్నారు. అడగడంలో వింతేముంది?

అడిగి సాధించిన చరిత్ర కూడా ఉంది. దక్షిణాఫ్రికాలో జాతి వివక్ష ప్రభుత్వం నడుస్తున్న రోజుల్లో, 1977లో హాంప్‌షైర్ కాలేజీ అక్కడి వ్యాపారంతో సంబంధమున్న షేర్లు అమ్మేసింది. 1985 ఏప్రిల్‌లో కొలంబియా విద్యార్థులు హామిల్టన్ హాల్ గుమ్మం ముందు వారాల తరబడి కూర్చున్నారు. ఆ అక్టోబరులో ధర్మకర్తలు దిగొచ్చారు. 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 300 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడులను వెనక్కి తీసుకోవాలని నిర్ణయించింది. ఇప్పుడు అందరూ ఆ ఉద్యమాన్ని మెచ్చుకునేవాళ్ళే.

ఇజ్రాయెల్ సంగతి వచ్చేసరికి ఆ ఏకాభిప్రాయం లేదు. బర్కిలీ విద్యార్థి సెనేట్ 2010 మార్చిలో జనరల్ ఎలక్ట్రిక్, యునైటెడ్ టెక్నాలజీస్ అనే రెండు కంపెనీల పేర్లు పెట్టి, వాటి నుంచి డబ్బు తీసేయమని 16–4 ఓట్లతో తీర్మానించింది. విద్యార్థి అధ్యక్షుడు వీటో చేశాడు. దాన్ని దాటడానికి ఏప్రిల్‌లో రాత్రుళ్ళు తెల్లవార్లూ వాదించుకున్నా కావలసిన ఓట్లు రాలేదు. మనం క్లాసుల్లో చదువుకునే జుడిత్ బట్లర్, తను యూదు అని చెప్పుకుంటూనే ఆ తీర్మానాన్ని సమర్థించారు. 2013లో ఇంకో తీర్మానం 11–9తో గెలిచింది. యూనివర్సిటీ పాలకమండలి మాత్రం తన విధానం మార్చుకోలేదు. విద్యార్థులు ఓటేస్తారు గానీ డబ్బు సంచి తాడు వాళ్ళ చేతిలో ఉండదు. మరి అంత గొడవ ఎందుకు? ఆ ఓటు పడ్డాక ఎవరు ఎటు నిలబడ్డారో లోకానికి తెలుస్తుంది. గొడవంతా దాని గురించే.

మా అమ్మాయి తన శాఖ తరఫున గ్రాడ్యుయేట్ విద్యార్థుల సెనేట్‌కి ఎన్నికైంది. ఆరోగ్య బీమా, ల్యాబు వేళలు, బస్సు పాసులు, ఇవే దాని పని అనుకుని పోటీ చేసింది. 2025 వసంతకాలంలో ఆయుధాల కంపెనీల నుంచి పెట్టుబడులు తీసేయాలనే తీర్మానం ఆ సెనేట్ ముందుకొచ్చింది. అప్పటికి దేశం గాలి మారిపోయింది. టఫ్ట్స్ యూనివర్సిటీలో విద్యార్థి సెనేట్ 2024 మార్చిలో ఇలాంటి తీర్మానాలు చేసింది. వాటిని యాజమాన్యం గౌరవించాలని నలుగురు విద్యార్థులు క్యాంపస్ పత్రికలో వ్యాసం రాశారు. ఆ నలుగురిలో ఒకామె రుమేసా ఓజ్‌తుర్క్, పిల్లల ఎదుగుదల మీద పరిశోధన చేస్తున్న టర్కీ అమ్మాయి. ఏడాది తర్వాత, 2025 మార్చి 25 సాయంత్రం, ఇఫ్తార్‌కి వెళ్తుంటే ముసుగులేసుకున్న అధికారులు నడివీధిలో పట్టుకున్నారు. ఏ నేరారోపణా లేకుండా ఆరు వారాలు లూసియానాలో నిర్బంధించారు. మే 9న జడ్జి విడుదల చేయమన్నాకే బయటికొచ్చింది. కొలంబియాలో పిహెచ్‌డి చేస్తున్న ఒక భారతీయ విద్యార్థిని అదే మార్చిలో వీసా రద్దయి దేశం వదిలి వెళ్ళిపోయింది.

ఈ రెండు వార్తలూ విడవలూరులో మా అత్తగారి మంచం పక్కన కూర్చుని ఫోనులో చూశాను. అమ్మాయికి ఫోన్ చేసి, ఆ రోజు సమావేశానికి పోవద్దని చెప్పాను. అలా చెప్పడం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. పోలీసులు ఎత్తుకుపోయే చోట కూతురిని నిలబెట్టి చప్పట్లు కొట్టాలని ఏ స్త్రీవాదమూ నాకు నేర్పలేదు.

“పోకపోతే సరిపోతుందా అమ్మా? గైర్హాజరని రాస్తారు. అదీ పేరే గదా” అంది.

సెనేట్‌లో అసలు యుద్ధం తీర్మానం మీద కాకుండా ఓటు ఎలా వేయాలన్న దాని మీద జరిగింది. విదేశీ విద్యార్థులకు ప్రమాదం ఉంది కాబట్టి రహస్య ఓటు పెట్టాలని ఒక అమెరికన్ సెనేటర్ అడిగాడు. ఎన్నుకున్నవాళ్ళకు ప్రతినిధులు ఏం చేశారో తెలియాలి కదా అని ఇంకొకరన్నారు. రెండూ న్యాయమే. మా అమ్మాయి ల్యాబులో పక్క బల్ల అమ్మాయి యూదు. ఆమె వ్యతిరేకంగా మాట్లాడింది. “నేను పుట్టని దేశానికి నన్ను జవాబుదారీ చేస్తున్నారు. ఈ కాగితం పాసైతే రేపు క్యాంటీన్‌లో నా పక్కన ఎవరు కూర్చుంటారు?” అని అడిగిందట. తీర్మానానికి అనుకూలంగా మాట్లాడిన వాళ్ళలోనూ యూదు విద్యార్థులున్నారు. అయినా ఆ ప్రశ్న మా అమ్మాయిని వదల్లేదు. ఆ భయం నటన కాదని తనకు తెలుసు, ఆమెతో రోజూ అన్నం పంచుకుంటుంది కాబట్టి.

ఇదంతా మా మేనత్తకు చెప్పాను. ఆమెకు డెబ్బై అయిదు దాటాయి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన వార్త అక్షరాస్యత కేంద్రాల ద్వారా జిల్లా అంతా పాకినప్పుడు, మా వైపు నుంచి నెల్లూరుకి సారా వేలంపాట ఆపడానికి వెళ్ళినవాళ్ళలో ఆమె ఒకరు. సారా ఆదాయం పోతే పేదల పథకాలు ఎట్లా నడపాలని ఆనాడు ప్రభుత్వం వాదించింది. మా మొగుళ్ళ రక్తం అమ్మి మాకు బియ్యం పెట్టొద్దన్నారు వీళ్ళు. ఆ డబ్బు మాకొద్దు అనడం ఈ జిల్లా ఆడవాళ్ళకు కొత్తేమీ కాదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో అది పోయింది.

రహస్య ఓటు గురించి విని అత్త నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“మేం మొహాలు దాచుకోలేదు, నిజమే. రెండు లారీల్లో పొయినాం గదా. ఎవుర్ని గుర్తు పెట్టుకుంటారు? నీ కూతురు ఆడ ఒక్కతే. ఒక్కత్తెను నిలబెట్టి పేరు పిలిస్తే అది ఓటు గాదమ్మా, పట్టివ్వడం” అంది.

ధైర్యం గురించి మనం చాలా రాస్తాం. అది పక్కన ఉన్న మనుషుల లెక్క మీద ఆధారపడుతుందని ఇంత సూటిగా ఎవరూ నాకు చెప్పలేదు. స్వదేశీ విద్యార్థికి ఆ ఓటు ఒక అభిప్రాయం. వీసా మీదున్న పిల్లకు అదే ఓటు అయిదేళ్ళ పరిశోధన, వాడకూ పేటకూ చేసిన అప్పు, తిరిగి ఆ దేశంలో అడుగుపెట్టే హక్కు. ఇద్దరినీ ఒకే చీటీ మీద సమానంగా నిలబెట్టడాన్ని సమానత్వం అనలేం.

రహస్య ఓటు ప్రతిపాదన వీగిపోయింది. పేర్లు పిలిచారు. మా అమ్మాయి ‘అవును’ అంది. తీర్మానం నెగ్గింది. కొన్నాళ్ళకు యాజమాన్యం నుంచి ఒక చిన్న జవాబు వచ్చింది: పెట్టుబడుల విధానంలో మార్పు లేదు. ఆ వేసవిలో మా అత్తగారు పోయారు. దేశం దాటితే తిరిగి రానిస్తారో లేదోనని అమ్మాయి కదల్లేదు. పెంచిన నాయనమ్మను చివరిసారి ఫోన్‌లోనే చూసుకుంది. ల్యాబులో ఆ యూదు అమ్మాయి రెండు వారాలు మాట్లాడలేదట. నాయనమ్మ పోయిన రోజు మాత్రం వచ్చి పక్కన కూర్చుందట.

ఆ వారమే అమ్మాయి నన్ను అడిగింది, “మన గుంటల సంగతేందమ్మా?”

రామతీర్థం రేవు వైపు మా పుట్టింటి పొలం ఉంది. 1990ల నుంచి ఈ తీరమంతా వరి మళ్ళు రొయ్యల గుంటలయ్యాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగు మీద గట్టి తీర్పే ఇచ్చింది, ఆ తర్వాత చట్టాలు వచ్చాయి, గుంటలు మాత్రం మిగిలాయి. మా పొలం పక్క పాలెంలో బోరు నీళ్ళు ఉప్పన. ఆడవాళ్ళు బిందెలతో దూరం పోతారు, లేదా క్యాన్లు కొంటారు. కౌలు డబ్బులో నా వంతు ఏటా నా ఖాతాలో పడుతుంది. అమ్మాయి మొదటి విమానం టిక్కెట్టు ఆ డబ్బుతోనే కొన్నాం.

ఈసారి కౌలు కాగితం సంతకానికి వచ్చినప్పుడు నా వంతు ఎకరంన్నర అందులోంచి తీసేయమన్నాను. తమ్ముడికి కోపం వచ్చింది. “నీ ఎకరంన్నర ఆగితే సముద్రం తియ్యగా అయితదా అక్కా? నువ్వు ఇయ్యకుంటే ఇంకొకడు ఇస్తాడు” అన్నాడు. యూనివర్సిటీ ధర్మకర్తలు చెప్పేదీ ఇదే: మేం షేర్లు అమ్మితే ఇంకొకరు కొంటారు. సారా రోజుల్లో ఎక్సైజు వాళ్ళు అన్నదీ ఇదే: ఇక్కడ మూస్తే పక్క జిల్లా నుంచి వస్తుంది. మూడు మాటల్లోనూ నిజం ఉంది. తమ్ముడికి నా దగ్గర గెలిచే జవాబు లేదు. ఆ డబ్బు నా ఖాతాలో పడకూడదని మాత్రమే చెప్పగలిగాను.

ఉప్పెక్కిన ఆ నేల మళ్ళీ వరికి వస్తుందో రాదో, ఎన్నేళ్ళు పడుతుందో చూడాలి. ఈ ఏడాది అది బీడుగానే ఉంది. పాలెం ఆడవాళ్ళలో ఒకామె గట్టు మీద నుంచి చూసి, “ఏమ్మా, ఈసారి గుంటకు నీళ్ళు పెట్టలేదే?” అని అడిగింది. కారణం చెప్పాను. “మిగతాయి కూడా ఆపిస్తావా?” అంది. అవి నా పేరున లేవని చెప్పాను. “ఎవరి పేరున ఉండాయో చెప్పు, మేం పోయి అడుగుతాం” అంది.

పేర్లు రాసిచ్చాను. మొదటి పేరు మా తమ్ముడిదే.