భర్మారు చేసిన చేతులు



తెలుగు చెప్పుకొని బతికినవాణ్ని కనుక, ఏ వస్తువును గూర్చి ఆలోచించినా ముందు దాని పేరు దగ్గర ఆగడం నాకు అలవాటు. 'తుపాకి' మన మాట కాదు. తురుష్కుల భాషలో పుట్టి, సైన్యాల వెంట నడిచి వచ్చి, దక్కను దేశంలో స్థిరపడింది. 'ఫిరంగి' పరదేశి మనిషి పేరు. 'ఫిరంగీ'లు తెచ్చిన ఆయుధానికి వాళ్ల పేరే అంటుకుంది. 'మందు' మాత్రం అచ్చంగా మనది. జబ్బు నయం చేసేదీ మందే, గొట్టంలో దట్టించేదీ మందే. ఈ రెండింటికీ ఒకే మాట వాడిన మన పూర్వుల మనసులో ఏమున్నదో నేను చెప్పలేను గాని, ఆ మాట పలికినప్పుడల్లా ఒక్క క్షణం తటపటాయిస్తాను.

ఇక మా నల్లగొండ ప్రాంతంలో ముసలివాళ్ల నోట ఇప్పటికీ వినిపించే మాట 'భర్మారు'. నింపు, కొట్టు అనే అర్థాలున్న రెండు ఉర్దూ మాటల జంట అది. మూతి వైపు నుంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి, ఆ తర్వాత పేల్చే తుపాకి. వస్తువు పని చేసే తీరంతా ఆ పేరులోనే ఉన్నది. నిఘంటుకారుడికి వేరే వివరణ రాయవలసిన అవసరం లేదు.

తుపాకి అన్నదల్లా రైఫిలు కాదు. గొట్టం లోపలి గోడ మీద మరచుట్టు మాదిరిగా సన్నని గాడులు కోస్తే, వాటి వెంట గుండు తిరుగుతూ బయటికి వచ్చి, గాలిలో గురి తప్పకుండా పోతుంది. అది రైఫిలు. గాడులు లేని నున్నని గొట్టంతో చేసేది మామూలు తుపాకి. మన పల్లెల భర్మారు ఈ రెండో రకానిది. మందు అంటించే పద్ధతి కాలాన్ని బట్టి మారింది. మొదట నిప్పంటించిన వత్తి, దానినే 'జామగి' అన్నారు. చెవి దగ్గర పోసే సన్నని మందు 'రంజకం'. తర్వాత 19వ శతాబ్దంలో 'టోపీ' వచ్చింది. అది చిన్న రాగి మూత. మీట లాగితే గుర్రం వచ్చి దాన్ని కొడుతుంది, లోపలి మందు అంటుకుంటుంది. ఇన్ని మాటలు మన భాషలో ఇమిడిపోయాయంటే, ఈ వస్తువు ఎన్ని చేతులు మారి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ చేతులను గూర్చే ఈ నాలుగు మాటలు.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో, అంటే 1980ల నడుమ, కేతేపల్లికి కొద్ది దూరంలో మూసీ ఒడ్డున ఒక పల్లెలో పాఠాలు చెప్పాను. బడికి ఎదురుగా కొలిమి ఉండేది. అందులో కూర్చునే తాత అప్పటికే డెబ్బైకి దగ్గరపడ్డాడు. తిత్తి ఊదే పని మనుమడిది, దాగలి ముందు కూర్చునే పని తాతది. తొలకరికి ముందు కర్రులు కాల్పించుకోవడానికి రైతులు వరుస కట్టేవారు. మిగతా రోజుల్లో కొడవళ్లు, గొడ్డళ్లు, బండికి ఇరుసు. మధ్యాహ్నం విరామంలో నేను అక్కడికి పోయి కూర్చునేవాణ్ని. పనిముట్ల పేర్లు రాసుకోవాలని నా ఆశ. ఆ పేర్ల వెంట ఒకనాడు భర్మారు మాట వచ్చింది.

“తుపాకి చేసుడు ఏమంత పని కాదు సారూ. గొట్టం చేసుడే పని” అన్నాడు తాత.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత మేరకు ఇది. కర్రు చేయడానికి ఇనుమును సాగగొట్టడం తెలిస్తే చాలు. గొట్టానికి ఇనుమును చుట్టాలి, చుట్టిన అంచులు రెండూ ఒక్కటయ్యేలా అతకాలి. “ఎర్రగుంటే వంగుతది, తెల్లగయితేనే అతుకుతది. ఇంకొంచెం ఎక్కువైతే పువ్వు పూసి కాలిపోతది. ఆ నడుమ ఇగురం కన్నుకే తెల్వాలె.” నెమ్మదిగా, జానెడు జానెడుగా ఆ అతుకు సాగుతుంది. ఆ తర్వాత లోపలి భాగాన్ని గీకి నునుపు చేయడం. అదే నెలల పని. గొట్టం సరిగా వచ్చిందా లేదా అని చూడడానికి లోపల నుంచి దారం లాగి, వెలుతురు వైపు పెట్టి, దారానికీ గోడకూ మధ్య సందు ఎక్కడైనా కనిపిస్తుందా అని చూసేవారట. సందు కనిపిస్తే వంకర ఉన్నట్టు. మళ్లీ దాగలి మీదికి. కొయ్య, మడమ చెక్కడం వడ్లాయన వంతు. ఇంతా చేస్తే అతుకు ఎక్కడైనా పచ్చిగా మిగిలిందా, అది పేల్చినవాడి ముఖానే పగులుతుంది.

“కొడవలి విరిగితే తిట్లు పడతయి, గొట్టం పగిలితే పాపం చుట్టుకుంటది” అన్నాడు. ఇంత చిన్న వాక్యంలో వృత్తిధర్మాన్ని చెప్పిన గ్రంథం నేను చదవలేదు.

తాత చెప్పింది అక్షరజ్ఞానం లేని మనిషి పుక్కిటి పురాణమేమోనన్న సందేహం ఎవరికైనా కలిగితే, అబుల్ ఫజల్ 'ఐనీ అక్బరీ' చూడవచ్చు. 16వ శతాబ్దపు చివరి దశకంలో రాసిన ఆ గ్రంథంలో అక్బరు ఆయుధశాల ముచ్చట ఉన్నది. ఇనుప పట్టీని ఏటవాలుగా మెలివేసి చుట్టి, అంచు మీద అంచు వేసి కాల్చి గొట్టం చేసే పద్ధతి అందులో వివరించాడు. ఒకేసారి 16 గొట్టాలను లోపల శుభ్రం చేసే చక్రాన్ని, దాన్ని తిప్పే పశువును కూడా వర్ణించాడు. పాదుషా కార్ఖానాలో చక్రం చేసిన పనిని మా తాత రెండు చేతులతో చేశాడు. తేడా అంతే.

ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. తెలంగాణ ఇనుము లోకానికి తెలిసిన ఇనుము. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో వండిన ఉక్కు కోసం పారశీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారని హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు 1820ల నాటి తన పరిశీలనల్లో నమోదు చేశాడు. దమాస్కసు కత్తి పేరు విని మురిసిపోయేవాళ్లు దాని వెనుక ఉన్న మన ఊరి పేరు కూడా ఒకసారి తలచుకోవాలి. మైకేల్ ఫారడే అంతటి శాస్త్రవేత్త భారతీయ ఉక్కు రహస్యం తెలుసుకోవాలని ప్రయోగాలు చేశాడు. 'వూట్జ్' అని ఇంగ్లీషువారు పిలిచింది మన దక్షిణాది 'ఉక్కు'నే.

అటువంటి కొలుములున్న నేల మీద 1946లో పోరాటం మొదలైంది. ఆ సంవత్సరం జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు జనం చేతిలో ఉన్నవి గుతపలు, వడిసెలలు, కారంపొడి. మరుసటి ఏడు సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. పిలుపు అందుకున్నంత తేలికగా ఆయుధం అందదు. దేశ్‌ముఖుల గడీల నుంచి గుంజుకొచ్చిన భర్మార్లు కొన్ని. తుప్పు పట్టి అటకల మీద పడి ఉన్నవి కొన్ని. వాటి గుర్రం బిగించాలన్నా, పగిలిన కొయ్య మార్చాలన్నా, సీసం కరిగించి గుండ్లు పోయాలన్నా ఎవరి దగ్గరికి పోవాలి? కొలిమి దగ్గరికే. తాత ఆ రెండు మూడేండ్లలో రాత్రిపూట చేసిన పని అది. పగలు కర్రు, రాత్రి భర్మారు. తానే గొట్టం పోసి మొదటి నుంచి చివరి దాకా చేసినవి రెండే అన్నాడు. ఆ 'రెండే' అనడంలో కించిత్తు గర్వం ఉన్నది. నేను విన్నాను.

ఎదుటివాడి చేతిలో ఏమున్నదో కూడా చెప్పుకోవాలి. పది తూటాలు పట్టే త్రీనాట్‌త్రీ రైఫిలు. తర్ఫీదు పొందిన సిపాయి నిమిషానికి పదిహేను సార్లు గురిచూసి కాల్చగలడు. భర్మారు ఒకసారి పేలిందంటే, మళ్లీ మందు పోసి, గుండు వేసి, దట్టించి, టోపీ పెట్టేసరికి ఎంత చేయి తిరిగినవాడికైనా ఇరవై ముప్పై సెకన్లు. వాన పడితే మందు తడిసి అదీ లేదు. నేటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లి జనం ఊరి బురుజు మీద నాటు ఆయుధాలతో నిలిచి రజాకార్లను ఒకటికి రెండుసార్లు తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న సైన్యం ఫిరంగులతో వచ్చింది. బురుజు కూలింది. పదుల కొద్దీ మనుషులను వరుసగా నిలబెట్టి కాల్చి చంపారు. భర్మారు గెలిపించే ఆయుధం కాదు. తలవంచకుండా నిలబడడానికి ఒక ఊరికి దొరికిన ఊతం అది. ఆ ఊతాన్ని చేసి ఇచ్చినవాడు కమ్మరి.

తుపాకి పట్టినవారి పేర్లు మనకు తెలుసు. 2008లో కన్నుమూసిన భీమిరెడ్డి నరసింహారెడ్డి, 2022లో కన్నుమూసిన మల్లు స్వరాజ్యం మా వైపువారే. వారిని గూర్చి పిల్లలకు చెప్పాను, గర్వంగా చెప్పాను. ఆ తుపాకి చేసినవాడి పేరు ఏ పాఠంలోనూ నాకు కనిపించలేదు. హైదరాబాదులో ఫిరంగులు పోయడానికి 1795లో కార్ఖానా పెట్టిన ఫ్రెంచివాడు రేమండ్ పేరు మాత్రం మూసారాంబాగులో ఇవాళ్టికీ పలుకుతున్నది. ఆ కార్ఖానా పేరు గన్‌ఫౌండ్రీగా బస్సుల మీద తిరిగింది. పరదేశి పేరు పేటకు మిగిలింది, మన కమ్మరి పేరు సొంత ఊళ్లో మిగలలేదు.

అమెరికాలో సంగతి వేరు. వర్జీనియా రాష్ట్రపు విలియమ్స్‌బర్గులో వాలెస్ గస్లర్ అనే పనివాడు 18వ శతాబ్దపు పద్ధతిలో, గొట్టం అతకడం దగ్గర నుంచి గాడులు కోయడం దాకా, ఒక మూతిదట్టింపు రైఫిలును సొంతంగా చేస్తుంటే 1969లో చలనచిత్రం తీశారు. ఇనుము తెల్లబారే ఆ క్షణం కోసం అతడు నిప్పులోకి చూసే చూపు మా తాత చూపే. అక్కడ ఆ విద్య వారసత్వం, ప్రదర్శనశాల, మెప్పు. ఇక్కడ 'నాటు తుపాకి స్వాధీనం' అని పత్రిక మూలన నాలుగు పంక్తుల వార్త. 'నాటు' అంటే సొంత గడ్డ మీద పుట్టినదని అర్థం. నాటుకోడికి దక్కిన గౌరవం నాటు తుపాకికి దక్కలేదు!

ఈ విద్యను మళ్లీ బతికించమని నేను కోరడం లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం లైసెన్సు లేకుండా తుపాకి చేయడాన్ని నేరమన్నది. 2019 సవరణ తర్వాత కొన్ని నేరాలకు శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. ఆ చట్టం ఉండవలసిందే. చంపే వస్తువును చంపే వస్తువుగానే చూడాలి. అయితే వస్తువును నిషేధించడం ఒకటి, దాన్ని చేసిన మనిషిని మరచిపోవడం మరొకటి. మొదటిది రాజ్యం పని. రెండోది మనం ఎవరూ చెప్పకుండానే చేస్తున్న పని.

తాతను నేను ఒకనాడు అడిగాను, “నీ పేరు రాసుకోనా?” అని. చేతిలోని సుత్తె ఆగింది. 1949లో తనను పట్టుకుపోయి కుడిచేతి వేళ్ల మీద కొట్టారని అంతకుముందే చెప్పాడు. ఆ చేతి రెండు వేళ్లు ముడుచుకోవు. “నా పేరు ఏడా రాయకు సారూ. పోయినోళ్లు పోయిన్రు, ఉన్నోళ్లను బతకనియ్యి” అన్నాడు. పోరాటం విరమించి అప్పటికి ముప్పై ఐదేళ్లు. ఆయనకు మాత్రం విరమణ రాలేదు. నేను మాట ఇచ్చాను. 1990ల తొలినాళ్లలో ఆయన పోయాడు.

తిత్తి ఊదిన మనుమడు ఇప్పుడు జాతీయ రహదారి పక్కన వెల్డింగు దుకాణం నడుపుతున్నాడు. గేట్లు, కిటికీ చువ్వలు, ట్రాక్టరు తొట్లు. పోయిన ఏడు మా ఇంటి గేటు బాగుచేయడానికి వచ్చి, పని ముగిశాక నిలబడిపోయాడు. “సారూ, మా తాత తుపాకులు చేసిండంటరు, నిజమేనా? మా నాయినను అడిగితే ఎన్నడూ చెప్పకపాయె.” వాడి వెనుక వాడి కూతురు, ఇంటర్మీడియట్ చదివే పిల్ల, నా ముఖంలోకి చూస్తూ ఉన్నది.

ఎక్కడా రాయనని మాట ఇచ్చాను; ఎవరికీ చెప్పనని ఇవ్వలేదు. తెలుగు పండితుడికి క్రియాపదాల మధ్య తేడా తెలియాలి. ఇద్దరినీ కూర్చోబెట్టి తెలిసినదంతా చెప్పాను. దారం లాగి వెలుతురులో చూడడం గురించి చెప్పినప్పుడు వాడు తన చేతుల వంక చూసుకున్నాడు. పిల్ల మాత్రం ఒక్కటే అడిగింది: “పుస్తకాల్ల ఎందుకు లేదు సార్?” నాలుగు దశాబ్దాలకు దగ్గరగా పాఠాలు చెప్పినవాణ్ని, ఆ ప్రశ్నకు పరీక్షలో పది మార్కులు తెచ్చే జవాబు నా దగ్గర లేదు. “మీ తాత వద్దన్నాడు బిడ్డా, నువ్వు రాయవచ్చు” అన్నాను. రాయవలసిన హక్కు ఆ పిల్లదే అని నా నమ్మకం. అందుకే ఇక్కడ కూడా ఆయన పేరు లేదు, ఊరు పేరు లేదు.

మిత్రులారా, మీలో చాలామందికి ఊరు ఉన్నది, ఊళ్లో పాడుపడిన కొలిమి ఉన్నది. ఈసారి పోయినప్పుడు అది ఎవరిదో అడగండి. కర్రులే చేశారా, మరేమైనా చేశారా అని అడగండి. చెప్పేవారు ఇంకా ఒకరిద్దరు ఉండవచ్చు. వాళ్లు వద్దంటే రాయకండి. వద్దనకపోతే మాత్రం, పేరుతో సహా రాయండి.