కళుగుమలై గుడి, కట్టినవారి గూడు

మధురై నుంచి తిరునల్వేలి వెళ్ళే రైలెక్కితే విరుదునగర్, సాత్తూరు దాటాక కోవిల్‌పట్టి వస్తుంది. అగ్గిపెట్టెల వల్లనో, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన వేరుశనగ చిక్కీ వల్లనో మీలో చాలామంది ఆ పేరు వినే ఉంటారు. తెలుగువారికి ఆ సీమ పరాయిది కాదు. ఎన్నో తరాల కిందట వలస వచ్చిన కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు ఆ నల్లరేగడి నేలను నమ్ముకుని స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. 1799లో కయత్తారులో ఆంగ్లేయులు ఉరితీసిన వీరపాండ్య కట్టబొమ్మన, ఆ సీమ కథలను తమిళంలో రాసి మెప్పించిన కి. రాజనారాయణన్, ఇద్దరూ అలాంటి కుటుంబాలవారే.

కోవిల్‌పట్టి నుంచి శంకరన్‌కోవిల్ వెళ్ళే దారిలో సుమారు 20 కిలోమీటర్లు పోతే కళుగుమలై. ‘కళుగు’ అంటే గద్ద. జటాయువు అన్న సంపాతి ఇక్కడ మురుగన్‌ను కొలిచాడని స్థలపురాణం. బ్యాంకు పనిమీద మధురైలో ఉన్న రోజుల్లో ఒక రెండో శనివారం మా ఆవిడా నేనూ వెళ్ళాం. మీరూ వెళ్ళదలిస్తే పొద్దున్నే వెళ్ళండి. పది దాటితే ఆ కొండ రాయి మీద కాలు పెట్టలేం. మంచినీళ్ళు వెంట ఉంచుకోండి.

కొండ అడుగున మురుగన్ గుడి. గర్భగుడిని కొండలోకే తొలిచారు. దర్శనం చేసుకుని పైకి ఎక్కితే వెట్టువన్ కోయిల్ కనిపిస్తుంది. ఎనిమిదో శతాబ్దంలో, పాండ్యుల కాలంలో, కొండను పైనుంచి కిందికి సుమారు ఏడున్నర మీటర్ల లోతున చెక్కి, మధ్యలో మిగిల్చిన ఒకే రాతిని శివాలయంగా మలిచారు. ఎల్లోరా కైలాసం చూసినవారికి ఈ పద్ధతి తెలుసు. విమానం మీద ఉమామహేశ్వరులు, దక్షిణామూర్తి, భూతగణాలు ఇప్పుడే చెక్కినంత నునుపుగా ఉన్నాయి. కింది భాగం మాత్రం మొరటు బండగానే మిగిలిపోయింది. పని ఎందుకు ఆగిందో చెప్పే శాసనం లేదు గనుక, తండ్రీకొడుకులైన ఇద్దరు శిల్పుల పోటీ గురించి జనం ఒక కథ చెప్పుకుంటారు.

ఇంకొక విశేషం. మామూలు గుడి కట్టాలంటే పరంజా కావాలి. ఇక్కడ శిల్పి తాను చెక్కబోయే బండ మీదే నిలబడి, దాన్ని చెక్కుకుంటూ కిందికి దిగాడు. పరంజా అనే తాత్కాలిక కట్టడం అవసరమే లేకుండా పని నడిపిన తెలివి అది.

కొండకు ఇంకోవైపు జైన తీర్థంకరుల శిల్పాలు వరుసలు తీరి ఉన్నాయి. కింద వట్టెళుత్తు లిపిలో శాసనాలున్నాయి. ఆ చోటుని జనం ‘సమణర్ పడుక్కై’, అంటే జైన సన్యాసుల పడక, అంటారు. అక్కడ కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పుతూ మా ఆవిడ, “ఏమండీ, సన్యాసులు పడుకున్న చోటుకి పేరుంది. మరి ఇంత రాయి కొట్టినవాళ్ళు ఎక్కడ పడుకున్నారో, వంట ఎక్కడ చేసుకున్నారో!” అంది. ఆ ప్రశ్నకు కొండ మీద నాకు జవాబు దొరకలేదు. తాటాకో గడ్డో కప్పుకుని ఉంటారు. పన్నెండు వందల ఏళ్ళు నిలవడానికి అదేమన్నా రాయా?

తిరుగుదారిలో బస్టాపు పక్కనే ఒక గిడ్డంగి కడుతున్నారు. బస్సుకి ఇంకా ముప్పావుగంట ఉంది. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని అక్కడి సూపర్‌వైజరు తనూ తెలుగులోనే పలకరించాడు. కోవిల్‌పట్టి దగ్గరి పల్లె అట. తెలుగు చదవడం రాదు, మాట్లాడటం మాత్రం అమ్మ నేర్పిందన్నాడు. లోపలికి పిలిచి చూపించాడు. రెండు వరుసల్లో రేకుల క్యాబిన్లు. ఒక్కొక్కటి 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. ఇనుప చట్రం, రెండు రేకుల మధ్య వేడిని ఆపే నురుగు పలక. బోల్టులు విప్పితే లారీ ఎక్కుతుంది, ఇంకో సైటులో క్రేనుతో దించి మళ్ళీ బిగిస్తారు. ఒకటి ఆఫీసు, ఒకటి సిమెంటు, సామాను. మిగిలినవి మనుషులకు.

“సార్, మా నేల మంచిది కాదు. ఎండకు బీటలు తీస్తుంది, వానకు ఉబ్బుతుంది. అందుకే ముందు దిమ్మెలు పోసి, వాటిమీద పెట్టాం” అన్నాడు. నల్లరేగడి మీద గది నేలకు ఆనితే వానాకాలంలో తలుపు పట్టదు, నీళ్ళు లోపలికొస్తాయి. రేకు తేలిక గనుక గాలికి లేవకుండా కమ్ములతో కట్టేశారు. వంటపొయ్యి క్యాబిన్లకు దూరంగా వేరే పాకలో ఉంది.

నేను లెక్కల మనిషిని. ఒక క్యాబిను 160 చదరపు అడుగులు. నలుగురు ఉంటే మనిషికి 40 వస్తుంది. అంచెల మంచాలు వేసి పన్నెండుగురిని సర్దితే మనిషికి 13 చిల్లర. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న చాపే 15 చదరపు అడుగులు! క్యాబిను కొత్తదైనంత మాత్రాన సరిపోదు. ఎందరికి, ఎక్కడ, నీళ్ళెటు, మురుగెటు అన్నది ముందే గీసుకోవాలి.

ఈ మాట ఎందుకింత గట్టిగా అంటున్నానంటే, 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. అది అందరికీ గుర్తే. సరిగ్గా ఎనిమిది రోజులకు, జూలై 6న, తిరువళ్ళూరు జిల్లాలో వానకు ఒక గిడ్డంగి గోడ కూలి, పక్కనే కూలీలు నిద్రపోతున్న గుడిసెల మీద పడింది. 11 మంది చనిపోయారు. పొట్ట చేతపట్టుకుని ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు. 2019 జూన్‌లో పుణేలోనూ ఇలాగే ప్రహరీ గోడ రేకుల పాకల మీద పడి 15 మంది పోయారు. ఈ రెండుచోట్లా ప్రాణం తీసింది గుడిసె బలహీనత ఒక్కటే కాదు, గుడిసె వేసిన చోటు. గోడ పక్కన ఖాళీ ఉంది కదా అని వేసుకోమన్న చోటు.

చట్టం లేకపోలేదు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం, పనిచోటులోనే గానీ దగ్గర్లో గానీ ఉచితంగా తాత్కాలిక వసతి ఇవ్వాలంది. వంటకు, స్నానానికి, ఉతుక్కోవడానికి, మరుగుకు వేరే ఏర్పాట్లు ఉండాలంది. తాగునీటి చోటు మరుగుదొడ్డికి ఆరు మీటర్లలోపు ఉండకూడదంది. 50 మందికి మించి స్త్రీలుంటే ఆరేళ్ళలోపు పిల్లలకు గది ఇమ్మంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతిలో ఈ చట్టాన్ని కలిపారు.

ముందుగా గీసుకుంటే ఏమవుతుందో చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 1855లో క్రిమియా యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం బ్రూనెల్ అనే ఇంజనీరు ఇంగ్లండులో చెక్కతో ఆసుపత్రి ముక్కలు చేయించి, ఓడల్లో టర్కీ తీరంలోని రెన్‌కియోయ్‌కి పంపాడు. ఒక్కో భాగంలో సుమారు 50 మంది రోగులు. ఎన్ని కావాలంటే అన్ని జత చేసుకోవచ్చు. గాలి, నీళ్ళు, మరుగు ప్రతి భాగానికీ విడిగా ఉండేలా మొదటి నక్షాలోనే చూపించాడు. తాత్కాలికమే, కానీ అశ్రద్ధ కాదు.

మా బ్యాంకుకొచ్చే ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇనుము, సిమెంటు పేజీలకు పేజీలు ఉంటాయి. ‘తాత్కాలిక నిర్మాణాలు’ అని మాత్రం ఒక్క పంక్తి. కాంట్రాక్టరును అడిగితే, “ఆర్నెల్లకు పీకేసేదే కదండీ” అంటాడు. నిజానికి బోల్టుల క్యాబిను పీకేసి పారేసేది కాదు. ఒక సైటు ఖర్చుని నాలుగైదు సైట్ల మీద పంచుకోవచ్చు, అద్దెకు తెచ్చుకోవచ్చు, చివరికి అమ్ముకోవచ్చు. ఇది దయాధర్మం కాదు, జమాఖర్చు.

మనలో చాలామందిమి ఉన్న ఊళ్ళో ఫ్లాటు బుక్ చేస్తాం, ఇల్లు కట్టిస్తాం. టైల్స్ రంగు దగ్గర్నుంచి అన్నీ అడుగుతాం. పనివాళ్ళ గదులు గోడకూ గోతికీ ఎంత దూరంలో ఉన్నాయి, గదికి ఎందరు, తాగే నీళ్ళెక్కడ, ఆడవాళ్ళకు మరుగుందా అని కూడా అడుగుదాం. డబ్బు కట్టేవాడు అడిగితే బిల్డరు వింటాడు. ఆ గదుల్లో ఉండేవాళ్ళలో మన భాష మాట్లాడేవాళ్ళూ ఉంటారు.